బల్ల కాళ్ళకు ద్రాక్షతీగ

చెక్కను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు దాని వాటం, అంటే చెక్కలోని గీతలు, ఎటు ఉంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దినా అప్పటికి చేతికి నున్నగానే తగులుతుంది, తేడా తెలియదు. పాలిష్ పడ్డాక మాత్రం సన్నటి గీతలన్నీ పైకి తేలతాయి. ఇది నాకు తొమ్మిదేళ్ళ వయసులో తెలిసింది. ఆ ఏడాది మా నాన్న మందిరానికి, అంటే మా చర్చికి, ప్రభువు బల్ల చేశాడు, ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల. దాని అడుగుభాగం రుద్దే పని నాకిచ్చాడు.

నాన్న వడ్రంగి. తలుపులు, కిటికీలు, మంచాలు, బీరువాలు, ఎవరు ఏది అడిగితే అది చేసేవాడు. అప్పటిదాకా మందిరంలో ప్రభువు బల్లగా వాడుతున్నది ఏదో ఆఫీసులో పాతబడిపోయిన సొరుగుల బల్ల. గుడ్డ కప్పితే సొరుగులు కనిపించేవి కావు కానీ ఒక కాలు పొట్టిది. పాస్టర్ గారు రొట్టె విరుస్తున్నప్పుడు బల్ల కదిలి గిన్నెలు ఒకదానికొకటి తగిలి టకటకలాడేవి. నాన్నకు ఆ చప్పుడు పడేది కాదు. కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నా, ఆ చప్పుడు వినగానే ఆయన భుజం ఉలిక్కిపడేది. నేను పక్కనే ఆనుకుని కూర్చునేదాన్ని కాబట్టి నాకు తెలిసేది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళి, "అయ్యగారూ, బల్ల నేను చేసిస్తాను. తొందర మాత్రం పెట్టకండి" అన్నాడు.

ఎనిమిది నెలలు పట్టింది. అందులో సగం కాలం పలకలు నీడలో ఊరికే పడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో గాలి ఆడడానికి సన్నటి పుల్లలు పెట్టి వదిలేశాడు. "పచ్చి చెక్కతో చేస్తే రెండేళ్ళకు అతుకులు నోళ్ళు తెరుస్తాయి" అనేవాడు. అమ్మ అడుగుతూనే ఉండేది, ఎప్పుడు మొదలుపెడతావని. నాన్న ఒక పలకను వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, ఇంకా కాలేదనేవాడు.

పని మొదలయ్యాక మొదట్లో రాత్రిళ్ళు చేసేవాడు, పగలంతా బయట పని ఉండేది కాబట్టి. ఒక రాత్రి ఉలి జారి, కాలికని తీసి పెట్టుకున్న చెక్క నిలువునా చీలింది. ఆ చెక్కను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మర్నాటి నుంచి పద్ధతి మార్చేశాడు. తెల్లవారుజామున లేచి, ముందు బల్ల పని, ఆ తర్వాతే వేరేవాళ్ళ పని. అలసిపోయిన చేతులతో దేవుడి పని చేయకూడదని నాకు ఎప్పుడూ నోటితో చెప్పలేదు. నేను నిద్ర లేచేసరికి చిత్రిక పట్టే చప్పుడు వినిపిస్తూ ఉండేది. రిబ్బన్లలా చుట్టలు తిరిగిన పొట్టు నేలంతా పరుచుకుని, గదంతా చెక్క వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కొత్తగా చిత్రిక పట్టిన చెక్క వాసన తగిలితే నాకు ముందు ప్రార్థన గుర్తుకొస్తుంది.

ఒక్క మేకు వాడలేదు. ఒక చెక్క కొసను రెండో దాని బెజ్జంలో బిగుతుగా దిగేలా చెక్కి, పక్క నుంచి చెక్క చీల కొట్టాడు.

అడుగుభాగం నాకెందుకు ఇచ్చాడంటే, చిన్నపిల్ల చేతి పని కదా, పైన కనబడేచోట ఇవ్వలేడు. అసలు అడుగున రుద్దడం ఎందుకని అడిగాను, ఎవరూ చూడరు కదా అన్నాను. దేవుడు చూస్తాడు అంటాడని ఎదురుచూశాను, సండే స్కూల్లో అలాగే నేర్పేవాళ్ళు. నాన్న ఆ మాట అనలేదు. "పైన ఒక్కవైపే పాలిష్ వేసి కింద వదిలేస్తే, చెక్క కింది నుంచి చెమ్మ పీల్చుకుంటుంది. పైనుంచి పీల్చుకోదు. అప్పుడు వంగిపోతుంది. రెండు వైపులా ఒకేలా ఉండాలమ్మా" అన్నాడు. అది నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. చెక్క ఎలా నడుచుకుంటుందో అలా దానితో నడుచుకోవడం, అంతే.

ఒక మూల దగ్గర నేను విసుగొచ్చి అడ్డంగా రుద్దేశాను. నాన్న వచ్చి చూశాడు. కోప్పడలేదు. నా చేయి పట్టుకుని, చెక్క మీద పెట్టి, వాటం వెంబడి రెండుసార్లు నడిపించి వెళ్ళిపోయాడు.

నాన్న చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. బైబిలు మాత్రం రోజూ చదివేవాడు, పంక్తి కింద వేలు పెట్టి, మెల్లగా. అందరూ గబగబా దాటేసే అధ్యాయాలే ఆయనకు ప్రాణం. నిర్గమకాండంలో ఉన్న 40 అధ్యాయాల్లో 13 అధ్యాయాలు ప్రత్యక్ష గుడారం పనికే పోయాయి, ఇశ్రాయేలు జనం దేవుడి ఆరాధనకు ఎడారిలో చేసుకున్న గుడారం అది. 25 నుంచి 31 వరకు ఎలా చేయాలో చెప్పడం, 35 నుంచి 40 వరకు అలాగే చేయడం. దిమ్మలు, కొంకులు, తెరలు, మూరల లెక్కలు. దీపవృక్షం కొమ్మలకు బాదం పువ్వులు ఎన్నో, యాజకుడి అంగీ అంచున దానిమ్మపండ్లు, వాటి మధ్య బంగారు గంటలు ఎలా ఉండాలో, అన్నీ. ప్రసంగాల్లో ఇవి ఎప్పుడూ రావు. నాన్న మాత్రం పనివాడు పనివాడికి రాసిన ఉత్తరం చదివినట్టు చదివేవాడు. మందసం, అంటే ఆజ్ఞల పలకలు దాచిన పెట్టె, దేనితో చేశారో చెప్పమనేవాడు మమ్మల్ని. బంగారంతో అనేవాళ్ళం. "కాదు, తుమ్మకర్రతో. బంగారం పైన తొడిగిందే" అని నవ్వేవాడు. తుమ్మ ముళ్ళ చెట్టు, గట్టిది, వంకర తిరిగేది. దాన్ని సాఫు చేయడం ఎంత కష్టమో చేసిన చేతులకే తెలుస్తుంది.

బెసలేలు పేరు నేను సండే స్కూల్లో వినలేదు, నాన్న దగ్గరే విన్నాను. నిర్గమకాండం 31లో ఉంటాడు. యూదా గోత్రం వాడు, ఊరు అనే ఆయన కొడుకు, హూరు మనవడు. ఫలానావాణ్ణి నా ఆత్మతో నింపాను అని దేవుడు బైబిల్లో మొట్టమొదట చెప్పింది ఈయన గురించే. ప్రవక్త కాదు, రాజు కాదు. బంగారంతో, వెండితో, ఇత్తడితో పనిచేసేవాడు, రాళ్ళు పొదిగేవాడు, కర్ర చెక్కేవాడు. ఆయనకు తోడు దాను గోత్రం నుంచి అహోలీయాబు. 35వ అధ్యాయంలో ఇంకొక మాట ఉంది: ఇతరులకు నేర్పే బుద్ధిని కూడా వాళ్ళకిచ్చాడని. నాన్నకు ఆ మాట దగ్గర వేలు ఆగేది.

ఆ గుడారంలోని సన్నిధి రొట్టెల బల్ల కొలతలు చూసి మా బల్ల మొదలుపెట్టాడు. పొడవు 2 మూరలు, వెడల్పు ఒక మూర, ఎత్తు మూరన్నర. తన మోచేతి నుంచి వేలి కొస వరకు చెక్క మీద పెట్టి కొలిచాడు. అలా చేస్తే మా మందిరానికి మరీ చిన్నదవుతుంది, పాస్టర్ గారు నడుము వంచాల్సి వస్తుంది. కాబట్టి కొలతలు పెంచాడు, పొడవుకీ వెడల్పుకీ ఉన్న పొంతన మాత్రం చెడనివ్వలేదు. పైన చుట్టూ అంచు కట్టడం కూడా అక్కడిదే.

గొడవ వచ్చింది చెక్కడం పని దగ్గర.

బల్ల ముందు పలక మీద ద్రాక్షతీగ చెక్కాలని నాన్న కోరిక. బొగ్గుతో గీసి పెట్టుకున్నాడు కూడా. సంఘ పెద్దల్లో ఒకాయన రిటైరైన టీచరు, అందరం మాస్టారు అనేవాళ్ళం. ఆయన చూడడానికి వచ్చి, ఆ గీతలు చూసి నిలబడిపోయాడు.

"చెక్కిన రూపం వద్దని ఆజ్ఞ ఉంది కదయ్యా. ఇవాళ తీగ అంటావు. రేపు ఇంకొకరు ఇంకోటి అంటారు" అన్నాడు.

"అది 20వ అధ్యాయం కదండీ. 25కు వచ్చేసరికి కెరూబుల్ని, ఆ రెక్కల దూతల్ని, చేయమని దేవుడే చెప్పాడు" అన్నాడు నాన్న.

"ఇత్తడి సర్పాన్ని చేయమన్నదీ ఆయనే. తర్వాత ఏమైంది? జనం దానికి ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు పగలగొట్టాల్సి వచ్చింది."

నాన్న దగ్గర జవాబు లేదు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నాన్న ఓడిపోయాడని నాకు ఏడుపొచ్చింది. కానీ ఆ రాత్రి అమ్మతో అన్నమాట ఇది: "మాస్టారు చెప్పింది నిజమే." తర్వాత చాలా రోజులు నిర్గమకాండం 32 చదువుతూ ఉండేవాడు. జనం బంగారు దూడను చేసుకుని మొక్కిన కథ. అది ఎక్కడుందో చూడండి. గుడారం ఎలా చేయాలో చెప్పిన అధ్యాయాలకీ, చేసిన అధ్యాయాలకీ సరిగ్గా మధ్యలో. దూడ కోసం జనం చెవి పోగులు తీసి ఇచ్చారు. మూడు అధ్యాయాల తర్వాత గుడారం కోసం కూడా పోగులే తెచ్చి ఇచ్చారు. అదే జనం, అదే బంగారం, ఏం చేస్తున్నామన్నదే తేడా. ఇంకోటి, గుడారానికి కానుకలు ఎక్కువైపోయి, ఇక తేవద్దని మోషే చాటింపు వేయించాల్సి వచ్చింది. ఈ రెండూ నాన్న నాకు పక్కపక్కన పెట్టి చూపించాడు. నేను ఇంత చదువు చదివినా ఇంతకంటే బాగా ఎవరూ చెప్పగా వినలేదు.

చివరికి ముందు పలకను ఖాళీగా వదిలేశాడు. ఖాళీగా అంటే ఊరికే కాదు, ఆ పలకకు చిత్రిక పట్టడానికే వారం పట్టింది. చెక్కలో ఉన్న గీతలు మధ్యలో నుంచి రెండు వైపులకూ పారేలా రెండు ముక్కల్ని అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా జతచేశాడు. అది చేసింది దేవుడే, నేను తిప్పి పెట్టానంతే అనేవాడు. తీగను మాత్రం కాళ్ళ మీదికి దించాడు. నాలుగు కాళ్ళ మీదా, మోకాలి ఎత్తు దాటకుండా. చెక్కేముందు వెళ్ళి మాస్టారును అడిగాడు. ఆయన వచ్చి, వంగి చూసి, "ఇంత కింద ఎవరికి కనిపిస్తుందయ్యా?" అన్నాడు. నాన్న నన్ను చూపించాడు. ముందు వరుసలో మేం పిల్లలం కూర్చునేవాళ్ళం, మా కళ్ళకు సరిగ్గా ఆ ఎత్తే. మాస్టారు కాసేపు ఆలోచించి, "పిల్లలకు ఉండనీ" అన్నాడు.

ఆ తీగ ఆకులు ఇప్పుడు కళ్ళు మూసుకున్నా గీయగలను. ఎడమ వైపు ముందు కాలి మీద ఒక ఆకు వెనక్కి తిరిగి ఉంటుంది. దాని అడుగున ఈనెలు ఉబ్బెత్తుగా, వేలికి తగిలేంత. పక్కనే నులితీగ ఒకటి రెండు చుట్లు తిరిగి, మూడో చుట్టు పూర్తికాకముందే గుత్తి వెనక్కి పోతుంది. ఎవరో తెచ్చిచ్చిన నిజం ఆకును పుస్తకంలో దాచి, అది ఎండి ముడుచుకుంటున్నకొద్దీ చూస్తూ చెక్కాడు. ఇంగ్లండ్‌లో సౌత్‌వెల్ మిన్‌స్టర్ అని ఒక చర్చి ఉంది. 13వ శతాబ్దం చివరలో అక్కడి రాతిపనివాళ్ళు స్తంభాల తలల మీద చెక్కిన ఆకులను చూసి, ఇది ఓక్, ఇది మేపుల్, ఇది ద్రాక్ష అని ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. ఆ ఫోటోలు మొదటిసారి చూసినప్పుడు నాకు నాన్న పుస్తకంలోని ఎండుటాకు గుర్తొచ్చింది. ఆ పనివాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు.

బల్ల మీద పరిచే గుడ్డ అమ్మ కుట్టింది. తెల్ల నారబట్ట మీద తెల్ల దారం. అంచు చుట్టూ కొన్ని పోగులు లాగేసి, మిగిలిన పోగులను కట్టలు కట్టి జాలీలా చేసింది. రంగు దారం ఎందుకు వాడలేదని అడిగితే, "వెలుతురు పడితే కనిపిస్తుందిలే" అంది. నిజమే. ఉదయం ఆరాధన మొదలయ్యేటప్పుడు ఏమీ కనిపించేది కాదు. ఎండ కిటికీలోంచి వాలి బల్ల మీదికి వచ్చేసరికి జాలీ నీడ బల్ల పక్కన ముత్యాల్లా పడేది. అప్పటికి ప్రసంగం అయిపోయి రొట్టె, ద్రాక్షారసం దగ్గరికి వచ్చేవాళ్ళం. అమ్మ లెక్క వేసి చేసిందో, అలా కుదిరిందో అడగలేదు. ఆ గుడ్డను వేరే బట్టలతో కలపకుండా విడిగా ఉతికి, తడి ఆరకముందే ఇస్త్రీ చేసేది. ఆ పని చేసేటప్పుడు అమ్మ మాట్లాడేది కాదు.

కొత్త బల్ల మీద గిన్నె పెట్టిన మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. చప్పుడు రాలేదు. అంతే జరిగింది. పాస్టర్ గారు గిన్నె పెట్టి, అలవాటుగా బల్లను ఒక చేత్తో పట్టుకోబోయి, అక్కర్లేదని తెలిసి చేయి తీసేశారు. ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దంలో నాకు మొదటిసారి ఇక్కడ ఏదో పెద్ద సంగతి జరుగుతోందని భయం లాంటిది కలిగింది. అన్ని మాటలు విన్నా కలగనిది ఆ నిశ్శబ్దంలో కలిగింది. "నేను ద్రాక్షావల్లిని, మీరు తీగెలు" అన్న మాట అర్థమయ్యే వయసుకు ముందే నా వేలు ఆ తీగ మీద తిరిగింది. యోహాను 15 మొదటిసారి చదివినప్పుడు అది నాకు కొత్తగా అనిపించలేదు, ఎప్పటినుంచో తెలిసిన చోటికి వచ్చినట్టు ఉంది. అందుకే మందిరంలో అందం ఎందుకు అని ఎవరైనా అడిగితే నాకు పుస్తకాల జవాబు రాదు. ఆ కాలి దగ్గర కూర్చున్న పిల్ల గుర్తుకొస్తుంది.

పెద్దయ్యాక చదివితే తెలిసింది, నాన్నకూ మాస్టారుకూ జరిగిన ఆ వాదన పన్నెండు వందల ఏళ్ళకు పైబడినదని. 8వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తులు మందిరాల్లోని చిత్రాలను తీయించేశారు. అప్పుడు డమాస్కస్ యోహాను అనే సన్యాసి వాదించిన తీరు నాకు ఇష్టం: దేవుడే శరీరం ధరించి ఈ మట్టిలోకి వచ్చాడు కదా, ఇక మట్టినీ కర్రనీ రంగునీ నీచంగా చూడడం ఎలా అని. 787లో నైసియాలో కూడిన మహాసభ చిత్రాలు ఉండవచ్చంది, అయినా గొడవ పూర్తిగా సద్దుమణిగేసరికి 843 అయింది. మళ్ళీ 1524లో జూరిక్‌లో మందిరాల నుంచి బొమ్మలన్నీ తీయించి గోడలకు సున్నం కొట్టించారు. వాళ్ళది ద్వేషం అని నేననుకోను. మాస్టారు ముఖం చూశాను కదా. ఆయన భయం దేవుడి కోసమే.

1125 ప్రాంతంలో క్లెయిర్వోకు చెందిన బెర్నార్డు అనే సన్యాసి ఇంకా సూటిగా అడిగాడు. చర్చి తన రాళ్ళకు బంగారం తొడిగి, తన పిల్లలను బట్టలు లేకుండా వదిలేస్తోందని రాశాడు. ఈ మాట చదివి నేను రెండు రోజులు తేరుకోలేదు. దీన్ని పక్కకు నెట్టి అందం గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ అదే బెర్నార్డు దారిలో నడిచిన సిస్టర్షియన్ సన్యాసులు కట్టిన మందిరాలు చూడండి. ఫ్రాన్స్‌లోని ల తోరొనే ఆశ్రమం 12వ శతాబ్దంలోది. బొమ్మ లేదు, రంగు లేదు, పూత లేదు. రాయి మీద రాయి ఎంత సున్నితంగా కూర్చారంటే, లోపల ఒక్క గొంతు పాడితే ఆ స్వరం రాళ్ళలో చాలాసేపు నిలుస్తుందట. అలంకారం వద్దన్నవాళ్ళు పనితనం వద్దనలేదు. మా నాన్న ఖాళీగా వదిలిన ముందు పలక కూడా అంతే. సాదాగా ఉండడం వేరు, పట్టించుకోకుండా వదిలేయడం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకునేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇక మందిరంలో అందానికి పెట్టే ఖర్చు దండగ అనేవాళ్ళ మాట. మార్కు సువార్త 14లో ఒక స్త్రీ చలువరాతి బుడ్డి పగలగొట్టి అత్తరు యేసు తల మీద పోస్తుంది. 300 దేనారాలకు, అంటే అప్పటి వెండి నాణేలకు, పైగా విలువ, బీదలకు ఇవ్వొచ్చు కదా అని పక్కవాళ్ళు సణుగుతారు. యేసు ఆమెను వెనకేసుకొస్తాడు, నా పట్ల మంచి కార్యం చేసిందంటాడు. అక్కడ గ్రీకులో ఉన్న మాట 'కలోన్'. దానికి మంచిది అనీ అర్థం, అందమైనది అనీ అర్థం. ఆ వెంటనే బీదలు ఎప్పుడూ మీ మధ్యే ఉంటారు, మీకు ఇష్టమైనప్పుడు వాళ్ళకు మేలు చేయవచ్చని కూడా అన్నాడు. ఇవి రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన మాటలు. నాన్న ఆ ఎనిమిది నెలల్లోనే ఒక ముసలామె ఇంటికి తలుపు బిగించి డబ్బు తీసుకోలేదు. తెల్లవారుజాము బల్లకు, సాయంత్రం ఆమెకు.

కొన్నేళ్ళ క్రితం జర్మనీలో రోథెన్‌బర్గ్ వెళ్ళే అవకాశం వచ్చింది. అక్కడి సెయింట్ జేకబ్ చర్చిలో, పడమటి వైపు మెట్లెక్కి పైకి వెళితే ఒక చెక్క బలిపీఠం ఉంది. రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి చెక్కిన ప్రభు రాత్రి భోజనం. చెక్కిన బొమ్మలు ఆయనవి, చుట్టూ ఉన్న చెక్క చట్రం మాత్రం హార్ష్‌నర్ అనే వడ్రంగిది. 1499లో పని మొదలైంది, 1505కు ముగిసింది. అప్పట్లో చెక్క బొమ్మలకు రంగులు, బంగారు పూత వేయడం మామూలు. దీనికి రంగులు లేవు. లిండెన్ చెట్టు చెక్క తేనె రంగులో, ఉలి పెట్టిన చోటల్లా నీడ. వెనక చిన్న కిటికీలు, వాటిలోంచి వచ్చే వెలుతురు శిష్యుల ముఖాల మధ్య నుంచి మన వైపు వస్తుంది. నడిమధ్యలో యేసు ఉంటాడనుకున్నాను. అక్కడ నిలబడి ఉన్నది యేసును పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా, చేతిలో డబ్బు సంచితో. యేసు పక్కనుంచి అతనికి రొట్టె ముక్క అందిస్తున్నాడు. బల్ల దగ్గర అతనికి చోటిచ్చిన ఆ పనివాడి ఆలోచన నన్ను కదలనివ్వలేదు. అందరూ ముఖాలను చూస్తున్నారు. నేను వాళ్ళు కూర్చున్న బల్లను, పీటను, చట్రం అతుకులను చూస్తూ ఉండిపోయాను. ఐదు వందల ఏళ్ళయింది. అతుకులు నోళ్ళు తెరవలేదు.

మా మందిరం తర్వాత పెద్దదైంది. కొత్త వేదిక కట్టారు, ఎల్‌ఈడీ స్క్రీన్ పెట్టారు, గాజు పోడియం కొన్నారు. స్క్రీన్ మీద నాకు కోపం లేదు. చూపు మందగించిన పెద్దవాళ్ళు ఇప్పుడు ప్రతి చరణం చదివి పాడుతున్నారు, అది చిన్న సంగతి కాదు. బల్ల మాత్రం వేదిక కొలతలకు కుదరలేదని పక్క గదిలోకి పోయింది. దాని మీద మైకు వైర్లు, పాత సౌండ్ బాక్సులు పెట్టారు. ఎవరూ కావాలని చేసింది కాదు. నాన్న ఒక్కసారే ఆ గదిలోకి వెళ్ళి చూసి, వైర్ల చుట్ట ఎత్తి నేల మీద పెట్టి, చేత్తో దుమ్ము తుడిచి వచ్చేశాడు. ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. నేను రాత్రంతా టెన్షన్ పడ్డాను, వెళ్ళి అడగాలా వద్దా అని. అడగలేదు. ఆ మౌనం నాది తప్పే.

2019 ఏప్రిల్ 15న పారిస్‌లో నోత్రదామ్ చర్చి తగలబడుతుంటే టీవీలో నాన్నతో కలిసి చూశాను. మధ్యయుగాల నాటి ఓక్ దూలాలు అవి. ఎన్ని చెట్లో లెక్కలేనట్టు ఉండేవి కాబట్టి అక్కడివాళ్ళు ఆ కప్పును 'అడవి' అనే పిలుచుకునేవారు. నాన్న కుర్చీ అంచున కూర్చుని, "ఎంత ఎండిన కర్రో" అన్నాడు. అంతే. తర్వాత నెలల తరబడి అడిగేవాడు, ఇనుముతో కడతారా, సిమెంటుతో కడతారా అని. మళ్ళీ ఓక్‌తోనే, పాతకాలం పద్ధతిలోనే కడతారని 2020లో తేలింది. ఆ వార్త చదివి వినిపిస్తే, ఇంకోసారి చదవమన్నాడు. దుంగలను యంత్రంతో కోయకుండా గొడ్డళ్ళతో పలకలు తేల్చే వీడియోలు ఫోన్లో చూపించాను. ఆ పని కోసం పాత నమూనాల్లో గొడ్డళ్ళు కొత్తగా కొట్టించుకున్నారు. నాన్న ఫోన్‌ను కళ్ళ దగ్గర పెట్టుకుని, గొడ్డలి పడిన గాట్లు చూసి, "వాటం తెలిసినవాళ్ళే. దుంగ చెప్పినట్టు పోతున్నారు" అన్నాడు. 2024 డిసెంబరులో ఆ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. నాన్న 2023లోనే వెళ్ళిపోయాడు.

ఈమధ్య సండే స్కూలుకు బల్ల కావాలన్నారు. కొత్తది కొంటామంటే, ఆ పక్క గదిలోది ఇవ్వమని నేనడిగాను. ఈసారి గట్టిగానే అడిగాను. నలుగురు కుర్రాళ్ళు బయటికి తెచ్చారు. పైన గీతలు, వేడెక్కిన సౌండ్ బాక్సులు పెట్టిన తెల్ల మచ్చలు. కదిపి చూస్తే కాళ్ళు కొంచెం కూడా ఊగలేదు. పాలిష్ మళ్ళీ వేయాలి, దానికి ముందు రుద్దాలి. ఆ పని నేనే చేస్తానన్నాను. గరుకు కాగితం నాలుగు రకాలు తెచ్చుకున్నాను. వరసగా మూడు శనివారాలు పట్టింది. ఒక చిన్న పిల్ల వచ్చి బల్ల కాలి దగ్గర కూర్చుని, వెనక్కి తిరిగిన ఆకు అడుగున వేలితో ఈనెలు వెతుకుతూ ఉంది. నేనేమీ చెప్పలేదు.

చివరి శనివారం బల్లను తిరగేశాం. అడుగుభాగం రంగు మాసినా సమంగానే ఉంది, ఎక్కడా వంగలేదు. నాలుగు కాళ్ళ మొదళ్ళలో నాన్న పెన్సిల్‌తో వేసుకున్న అంకెలు, 1, 2, 3, 4. నాలుగో అంకె ఉన్న మూలన పాలిష్ కింద అడ్డంగా సన్నటి గీతలు. అవి నావే. నాన్న పాలిష్ వేసేముందు ప్రతి అంగుళం చేత్తో తడిమి చూసేవాడు, చిన్న గీత ఉన్నా మళ్ళీ మొదటి నుంచి రుద్దేవాడు. వీటిని చూడకుండా వదిలి ఉండడు. రెండు నిమిషాల పని. ఆ గీతల మీదే పాలిష్ వేశాడు.

మిగతా అడుగంతా వాటం వెంబడి రుద్దుకుంటూ వచ్చాను. ఆ మూల దగ్గర కాగితం పక్కన పెట్టి, బ్రష్ తీసుకున్నాను.